ఒక మనిషి వెడల్పు

సెప్టెంబరు 9

అక్కా,

బస్సు దిగి ఇంటికి చేరాను. సంచీ దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను, కింద పెట్టబుద్ధి కాలేదు. పక్కసీటావిడ "అందులో ఏముందమ్మా, పసిపిల్లలా పట్టుకున్నావు" అంది. గుడ్డలండీ అన్నాను. 

బస్టాండులో నువ్వు "వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట లేదు, నోట్లో నాలుక ఉందా లేదా" అన్నావు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదని నీకు తెలుసు. కాగితం మీద కొంచెం వస్తుంది. నా చదువు అంతంతమాత్రం, తప్పులుంటే సర్దుకుని చదువు.

అమ్మ కుట్టి వదిలేసిన బొంత వరుసలన్నీ మంచం మీద వేసి చూశాను. ఒక్కో వరుస మంచమంత పొడవు, జానెడు వెడల్పు. నీ బడి గౌను ఉంది. నాన్న గళ్ల చొక్కా ఉంది. చిన్నప్పుడు నేను తలుపు చాటున నిలబడి కొరికి కొరికి పాడుచేసిన కర్టెను కూడా ఉంది. వరుసలు మాత్రం కుట్టింది, వాటిని ఒకదానితో ఒకటి కలపడానికి అమ్మకు వ్యవధి లేకపోయింది.

నాన్నకు నిద్ర పట్టడం లేదని, "మీ అమ్మ కుడుతున్న బొంత ఏదీ" అని రోజూ అడుగుతున్నాడని చెప్పావు. చలి ముదిరేలోగా పూర్తి చేసి నాన్నకు పంపుతాను. అమ్మ జబ్బుగా ఉన్నన్నాళ్లూ నేను ఒక గ్లాసుడు నీళ్లు అందించింది లేదు. ఇదొక్కటి నా చేత్తో చేయనివ్వు.

పైన ఈ వరుసలు, మధ్యలో దూది పొర, అడుగున దుప్పటి. దూది నేను కొంటాను. అడుగుకి అమ్మా నాన్నల మంచం మీది నీలిచారల దుప్పటి వెయ్యమని నాన్నే అన్నాడు కదా. అది ఉతికి పంపు.

బావను అడిగానని చెప్పు.

నీ
చిట్టి

సెప్టెంబరు 17

చిట్టీ,

నీ ఉత్తరం టికెట్ కౌంటర్లో కూర్చుని చదివాను. ఎదురుగా ఒకాయన చిల్లర కోసం చెయ్యి చాపుకుని నిలబడ్డాడు, నేను కర్టెను దగ్గర ఆగిపోయాను. పాపం అడగనూ లేదు.

దుప్పటి ఇంకా మంచం మీదే ఉంది. తియ్యబోతే నాన్న "రేపు తియ్యమ్మా" అంటాడు. రేపు మళ్లీ అదే మాట. ఎలాగోలా తీసి పంపుతాను.

అన్నట్టు ఆ బొంత ఎక్కడ పరుస్తావే? మీది ఉన్నదే ఒక్క గది. అందులో సగం మా మరిది బాగుచేసే గడియారాలు. ఇక్కడ కుడదామంటే నాకు బొత్తాం కుట్టడమే రాదు. అమ్మ అనేది గుర్తుందా, "చిన్నదానికి సూది ఇచ్చాను, పెద్దదానికి నోరు ఇచ్చాను" అని. ఆ నోటితోనే బతుకుతున్నాను.

నేలమీద పరిచి కుట్టు. నడుము జాగ్రత్త.

అక్క

సెప్టెంబరు 26

అక్కా,

నేలమీద కుదరదు. మా గది వీధి కన్నా రెండు మెట్లు కింద ఉంటుందని నీకు తెలుసు కదా. గచ్చు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పొద్దున పరిచిన చాప మధ్యాహ్నానికి అడుగున చల్లబడి బరువెక్కుతుంది. దూది అక్కడ పెడితే ఇక చెప్పక్కర్లేదు. మంచం మీద పరిస్తే మధ్యలో గుంట.

ఉన్నది బల్ల ఒక్కటే. దాని మీదే ఆయన గడియారాలు బాగుచేస్తారు, దాని మీదే తింటాం. సాయంత్రం ఆయన లేచాక సగం బల్ల నాది. నిన్న దూది మీద వరుసలు వేసి గుండుసూదులు పెడుతున్నాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని బల్లంతా వెతుకుతున్నారు. చివరికి నా బొంతలోంచి ఒక సూదిని పట్టకారుతో లాగి, "ఇది గోడగడియారం సెకన్ల ముల్లు. దీన్ని కూడా కుట్టేస్తే మీ నాన్నను టంచనుగా నిద్రలేపుతుంది" అన్నారు. సిగ్గేసింది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

నీకు కుట్టు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అసలు కుట్టు వేసే ముందు మూడు పొరలూ జరగకుండా తెల్లదారంతో పెద్దపెద్ద కుట్లు వేస్తారు. దాన్ని కచ్చా కుట్టు అంటారు, పని అయ్యాక లాగేస్తారు. ఆ కుట్టు పడేటప్పుడు బొంత మొత్తం సాపుగా పరుచుకుని ఉండాలి. నీ దుప్పటి వచ్చేలోగా మా మంచం దుప్పటి అడుగున వేసి చూశాను, నా బల్ల మీద మధ్య ముక్క ఒక్కటే పడుతుంది. మిగతాదంతా నాలుగు వైపులా వేలాడి, ఆ బరువుకి అడుగు బట్ట జరిగిపోతోంది. తిప్పి చూస్తే ముడతలు.

అందుకని ఒక ఆలోచన చేశాను. నిలువునా రెండు సగాలుగా కుడతాను. ఎలాగూ వరుసలు విడివిడిగానే ఉన్నాయి. దుప్పటి కూడా రెండు చేస్తే ఒక్కో సగం నా బల్లకి పడుతుంది. నువ్వేమంటావో రాయి.

చిట్టి

అక్టోబరు 7

అక్కా,

నీ జవాబు రాలేదు. నాన్నకు ఒంట్లో ఎలా ఉంది?

మంచిమాట చెబుతాను. సగాలు చేయక్కర్లేదు. దుప్పటి చించకు, అలాగే పంపు. పోయిన ఉత్తరంలో రాసింది మరిచిపో.

బల్లను గది మధ్యకు లాగాను. బల్లకు సరిగ్గా నడిమధ్యన ఒక అగ్గిపుల్లను జిగురుతో అతికించాను. ఒక్కో పొరను నాలుగు మడతలు వేసి, ఆ మడత మొనను అగ్గిపుల్ల మీద పెట్టి విప్పుతాను. ఎన్ని పొరలు వేసినా మధ్య చోటు చేతికి గుచ్చుకుని తెలుస్తుంది. అంచులకు బట్టల క్లిప్పులు పెట్టి బల్లకే బిగిస్తాను. వేలాడే భాగం బరువు లాగకుండా ఒక పక్కన కుర్చీ వేశాను. కుర్చీ ఒకటే ఉంది కాబట్టి రెండో పక్కన ఆయనే. ఒళ్లో బొంత వేసుకుని కదలకుండా కూర్చుంటారు. "పెళ్లిచూపుల్లో కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు" అన్నారు.

మధ్య భాగం కుట్టాక క్లిప్పులు తీసి, బొంతను జరిపి, మళ్లీ బిగించి, పక్క భాగం. మా మంచం దుప్పటితో చేసి చూశాను. ఒక్క ముడత లేదు. నేను కనిపెట్టాను అని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. అమ్మకు చెప్పాలనిపించింది.

చించకు. మొత్తంగా పంపు.

చిట్టి

అక్టోబరు 8

చిట్టి,

నీ సెప్టెంబరు ఉత్తరం అందింది. నాన్నకు జ్వరం వచ్చి తగ్గింది, అందుకే ఆలస్యం.

రెండు సగాలు అన్నావు. ఉత్తరం ఇంట్లో చదివితే మా ఆడపడుచు వింది. "వాటా కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా. ముందు సగాలు చేస్తుంది, తర్వాత కలపడం మరిచిపోతుంది. మీ చెల్లెలు మాట్లాడదు గానీ పని తెలిసిన మనిషే" అంది. ఆమెతో దెబ్బలాడాను. కానీ మర్నాడు కౌంటర్లో కూర్చుంటే అదే మాట చెవిలో తిరిగింది. అమ్మ మంచాన పడి ఉన్నన్నాళ్లూ నువ్వు రాలేదు. వచ్చి మాట్లాడలేదు. సంచీ ఒకటి పట్టుకుపోయావు. ఇప్పుడు బల్ల చిన్నదంటున్నావు.

నీకు కావాలంటే నేను కాదనను. అమ్మ నీకూ అమ్మే. దుప్పటి నిలువునా రెండుగా చించాను. నీ సగం ఈ పార్సిల్లో ఉంది. నాన్న సగానికి సరిపడా వరుసలు వెనక్కి పంపు, ఇక్కడ దర్జీతో కుట్టిస్తాను.

చించుతున్నప్పుడు నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏం చేస్తున్నావమ్మా" అన్నాడు. "చెల్లి అడిగింది నాన్నా" అన్నాను. 

అక్క

అక్టోబరు 16

అక్కా,

పార్సిల్ వచ్చింది. నేను ఏడో తారీకున రాసింది నీకు ఈపాటికి అందే ఉంటుంది. రెండూ దారిలో దాటుకుపోయాయి.

ఏమని రాయను. నాకు ఏ సగమూ వద్దు. నాన్న కోసమని మొట్టమొదటి ఉత్తరంలోనే రాశాను. బల్ల చిన్నదంటే నిజంగా చిన్నదే. కావాలంటే మీ మరిదిని అడుగు. ఆయనకు నాలాగా కాదు, మాటలు వచ్చు.

నేను అడిగానని నాన్నకు చెప్పావు. నాన్న నన్ను ఏమనుకున్నాడో తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

రాలేదు అన్నావు. నాకు నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఉన్నాయి. "తగ్గుతోంది, కంగారుపడి పరిగెత్తుకు రావద్దు" అని ప్రతిదాంట్లో రాశావు. నేను నమ్మాను. నువ్వు చెప్పింది నమ్మడం నాకు అలవాటు. చీకట్లో బావి దగ్గరికి వెళ్లు ఏం కాదు అంటే వెళ్లేదాన్ని. అమ్మ పోయిన రోజు కూడా ఫోన్ వస్తే, బాగా తగ్గిందని, ఇంటికి రమ్మని పిలుస్తున్నావనుకుని, గబగబా చెప్పులేసుకుని పక్కింటికి పోయి అందుకున్నాను.

కోపంతో రాయలేదు. రెండో సగం కూడా పంపు అక్కా. రెండూ కలిపి కుట్టి ఒకటి చేస్తాను. అతుకు కనిపిస్తుంది. కనిపించనీ.

చిట్టి

అక్టోబరు 28

చిట్టీ,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అగ్గిపుల్ల ఉత్తరం ఇంకో మూడు రోజులు ముందు రాసి ఉండకూడదా. లేక నేనే ఇంకో మూడు రోజులు ఆగి ఉండకూడదా. ఆడపడుచును అనడానికి లేదు. చించింది నా చేతులే.

తగ్గుతోందని రాయమన్నది అమ్మ. "అది భయస్తురాలు, ఆ పిల్లను ఏడిపించొద్దు, నాలుగు రోజుల్లో లేచి కూర్చుంటాను" అనేది. నేను రాసేదాన్ని. రాసి రాసి నాకూ తగ్గుతోందనే అనిపించింది. ఆ సంగతి నీకు అప్పుడే చెప్పాల్సింది. నువ్వు మాట్లాడకుండా కూర్చుంటే, తెలిసే నా మీద కోపంగా ఉన్నావనుకున్నాను.

రెండో సగం పంపలేను. అది నాన్న దగ్గర ఉంది. మొన్న మంచం మీద పరిచి చూసుకుని, "ఇది నా వైపు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "గోడ వైపు మీ అమ్మది. ఆ సగం చిట్టి దగ్గరికి వెళ్లిందా?" అన్నాడు. వెళ్లింది నాన్నా అన్నాను. "పోనీలే. మంచిదే" అన్నాడు. ఏది ఎవరి వైపో చూడకుండా చించాను చిట్టీ, ఏది చేతికొస్తే అది పార్సిల్లో పెట్టాను.

బొంత నీకోసమే కుడుతోంది నాన్నా, తప్పు నాదే అని మొత్తం చెప్పాను. "నాకు తెలుసులే" అన్నాడు. కానీ తన సగం మాత్రం ఇవ్వలేదు. మడిచి తల కింద పెట్టుకుంటాడు, పగలు ఒళ్లో పెట్టుకుంటాడు. అడుగుదామని ఆ గదిలోకి రెండుసార్లు వెళ్లాను. అమ్మ నాకు నోరు ఇచ్చింది అన్నాను చూడు, అది అక్కడ పనిచేయలేదు.

చలి మొదలైంది. నాన్నకు పొద్దున వేళ వణుకు వస్తోంది. నీ దగ్గర ఉన్న సగంతోనే కుట్టి పంపు. చిన్నదైనా ఫరవాలేదు.

అక్క

నవంబరు 17

అక్కా,

బొంత పంపుతున్నాను. ఒక మనిషి వెడల్పు వచ్చింది. సగం వరుసలే పట్టాయి. నీ బడి గౌనూ, నాన్న గళ్ల చొక్కా పడేలా ఏరి పెట్టాను. కర్టెను నా దగ్గరే ఉండిపోయింది.

కచ్చా కుట్టు వేయడానికి ఆయన గడియారాలన్నీ కిటికీ మీదకు సర్ది, ఎప్పటిలా వచ్చి కూర్చున్నారు, ఒళ్లో వెయ్యి అన్నట్టు. వేయడానికి ఏమీ లేదు. పక్కలకు ఏమీ వేలాడలేదు. బల్లకు సరిపోయింది. అటూ ఇటూ ఇంకా చెక్క కనిపిస్తూనే ఉంది. ఇన్నాళ్లూ చోటు లేదని ఏడ్చాను. ఆయన కాసేపు ఖాళీ చేతులతో కూర్చుని, తర్వాత సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు.

దుప్పటి అమ్మ వైపుది అని నువ్వు రాశాక చూశాను. భుజం ఆనే చోట పల్చబడి చారలు వెలిసిపోయాయి. కాళ్ల వైపు కూడా ఒకచోట. మడమలు రాసేది కాబోలు. ఆ రెండు చోట్లా కుట్లు దగ్గరదగ్గరగా వేశాను, త్వరగా చిరగకుండా.

నాన్న కప్పుకున్నాక ఏమన్నాడో రాయి. ఏమీ అనకపోయినా అదే రాయి.

చిట్టి

నవంబరు 27

చిట్టీ,

బొంత అందింది. పార్సిల్ నాన్నే విప్పాడు, తాడు కొయ్యనివ్వకుండా ముడి విప్పాడు. చొక్కా ముక్క చూసి "ఇది నేను ఇంకా వేసుకునేవాణ్ణి. అడగకుండా కోసింది" అన్నాడు. అమ్మను తిట్టి ఎన్నాళ్లయిందో. నాకు వినడానికి హాయిగా ఉంది.

మీ బావ చూసి, "కొంచెం ఇరుకుగా లేదూ మామయ్యా, మిగతా ముక్కలు కూడా తెప్పించి కలిపిద్దామా?" అన్నాడు. నాన్న కప్పుకుని అంచులు సర్దుకుంటూ, "ఇంత చాలు. ఇంకెవరున్నారు?" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఇంకో ముద్ద వద్దన్నట్టు. మీ బావ బయటికి వెళ్లిపోయాడు.

ఒకటి అడగాలి. మూడు వైపులా అంచు ముచ్చటగా మడిచి కుట్టావు. నాలుగోది, పొడుగు వైపుది మడవలేదు. మూడు పొరలూ అలాగే కనిపిస్తున్నాయి, తెల్లదారం కూడా తీయలేదు. పార్సిల్ తొందరలో మరిచిపోయినట్టున్నావు. దర్జీ దగ్గరికి పంపుదామంటే నాన్న ఒంటి మీంచి తీయనివ్వడం లేదు. దూది రాలకుండా ఏం చేయాలో రాయి.

అక్క

డిసెంబరు 4

అక్కా,

మరిచిపోలేదు.

మూడు వైపులా కుట్టాక నాలుగోది కూడా మడిచాను. గుండుసూదులు కూడా పెట్టాను. కుట్టబోయి ఆగాను. మడిచి కుట్టేస్తే ఇక అంతే కదా. నాన్న ఎప్పుడైనా తన సగం ఇస్తే ఆ పక్కన కలపాలని, సూదులు తీసేసి వదిలేశాను. అది అటూ ఇటూ జరగకుండా ఉండాలనే తెల్లదారం ఉంచాను. ఉత్తరంలో రాద్దామనుకుని, నవ్వుతావేమోనని రాయలేదు. రాయకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాం. అయినా నాకు బుద్ధి రాలేదు.

మిగిలిన వరుసలు బల్ల సొరుగులో ఉన్నాయి. వాటికి సరిపడా దూది కూడా కొని ఉంచాను. ఒక్కరోజు పని. అడుగు బట్ట ఏదైనా వేసి ఇంకో సగం నేనే కుట్టేయగలను. మా మంచం దుప్పటి వేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ అది నాన్న వైపు కాదు కదా.

ఇంకెవరున్నారు అన్నాడని రాశావు. ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించలేక, నువ్వే చదువుకో అని ఇచ్చాను.

దూది రాలితే నాన్నకు దగ్గు వస్తుంది. నీ ఇంట్లో సూది ఉంటుంది కదా. దర్జీ అక్కర్లేదు. పై బట్టా అడుగు బట్టా లోపలికి మడిచి, రెండూ కలిపి పట్టుకుని, పైనుంచి చుట్టుకుట్టు వెయ్యి. వంకరగా వచ్చినా ఎవరూ చూడరు. అయ్యాక తెల్లదారం ఒక కొస పట్టి లాగితే వచ్చేస్తుంది. మడవాలనిపిస్తే మడిచెయ్యి అక్కా. ఉంచాలనిపిస్తే ఉంచు. ఈసారి నువ్వేం చేసినా నేను వేరేగా అనుకోను.

చిట్టి

డిసెంబరు 13

చిట్టీ,

నీ ఉత్తరం నాన్నకు మొత్తం చదివి వినిపించాను. అంచు ఎందుకు వదిలావో విన్నాడు. ఆ తెల్లదారాన్ని వేలితో నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత మంచం మీంచి లేచి, నన్ను పిలిచి చూపించాడు. తన సగం దుప్పటి పరుపు మీద, తను పడుకునే వైపు పరుచుకున్నాడు. గోడ వైపు పరుపు ఉత్తిగానే ఉంది.

"ఇది దానికి కలపొద్దమ్మా. ఇది కింద ఉంటుంది, అది పైన కప్పుకుంటాను" అన్నాడు. "చిట్టిని బాధపడొద్దని రాయి. నేను ఇవ్వనిది దాని మీద కోపంతో కాదు."

కాబట్టి మడిచాను. నేనే. సూదిలో దారం ఎక్కించడానికే సగం పూట పట్టింది. పొరలు జారిపోతుంటే నాన్న ఎదురుగా కూర్చుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు, నేను ఒక్కో కుట్టూ వేస్తూ జరిగాను, ఆయనా జరిగాడు. ఒకచోట వేలికి గుచ్చుకుంటే "మీ అమ్మ నీకు సూది ఇవ్వకపోవడం మంచిదే అయింది" అన్నాడు. కుట్లు పుచ్చిపోయిన పళ్లలా ఉన్నాయి. తెల్లదారం లాగితే నువ్వు చెప్పినట్టే వచ్చేసింది. ఎక్కడ పడేయాలో తోచక చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాను.

నాన్న ఇప్పుడు కొంచెం నిద్రపోతున్నాడు. పూర్తిగా కాదు, కొంచెం.

మరిదికి పని తెమిలాక రండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చో. మా మరిది మీ బావ పక్కన హాల్లో పడుకుంటాడు. నువ్వు నా దగ్గర పడుకో. నా దుప్పటి వెడల్పుగానే ఉంది.

అక్క